పాసైనవాళ్లకి కూడా పిటిషన్ ఉంది

2012 వేసవిలో నేను కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్స్ కౌంటర్ ఉద్యోగంలో చేరాను. ఆ వేసవిలోనే రెండు మార్పులు ఒకేసారి వచ్చిపడ్డాయి. యూనిట్‌కి 36 డాలర్లున్న ఫీజు 46 అయింది. తప్పిన కోర్సునైనా మధ్యలో మానేసిన కోర్సునైనా మొత్తం మీద మూడుసార్లకు మించి తీసుకోకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. ఫీజు సంగతి విన్నవాళ్లు కాసేపు గొణిగి కట్టేసి వెళ్లారు. రెండో సంగతి విన్నవాళ్లలో కొందరు కౌంటర్ దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

డి వచ్చినా ఎఫ్ వచ్చినా ఒక ప్రయత్నం కింద లెక్క. అది అందరికీ తెలుసు. తెలియనిదల్లా డబ్ల్యూ గురించే. సెమిస్టర్ మొదలైన కొద్ది వారాలకు సెన్సస్ డేట్ అని ఒకటి ఉంటుంది. అంతకంటే ముందే క్లాసు మానుకుంటే రికార్డులో ఏ మచ్చా ఉండదు. ఆ తేదీ దాటాక మానుకుంటే డబ్ల్యూ పడుతుంది. ఒక్క పరీక్ష కూడా రాయకపోయినా సరే, అదీ ఒక ప్రయత్నమే. మూడూ అయిపోతే కంప్యూటర్ ఇక రిజిస్టర్ చెయ్యనివ్వదు. అక్కణ్ణుంచి పిటిషన్ ఒక్కటే దారి.

ఈ నిబంధన ఊరికే పెట్టలేదు. 2008 మాంద్యం తర్వాత రాష్ట్రం కాలేజీలకిచ్చే డబ్బు కోసేసింది. కాలేజీలు సెక్షన్లు తగ్గించుకున్నాయి. హైస్కూల్ ముగించి కొత్తగా వచ్చిన పిల్లలు ఇంగ్లీషు క్లాసులో సీటు దొరక్క, ఎవరో ఒకరు మానేయకపోతారా, ప్రొఫెసర్ తమని చేర్చుకోకపోతారా అని గది వెనక గోడకి ఆనుకుని నిలబడేవాళ్లు. ఆ పిల్లల్ని చూశాను కనక, సీట్లకి ఒక లెక్క ఉండాలన్నదాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు.

మరుసటేడు ఫాల్ నుంచి ఇంకో మెట్టు బిగించారు. ఈత, సెరామిక్స్, పెయింటింగ్, సంగీతం లాంటి క్లాసుల్ని పదే పదే తీసుకునే వీలు పోయింది. అథ్లెటిక్స్ జట్లకీ, కాలేజీల మధ్య పోటీలకి తయారయ్యేవాళ్లకీ, బ్యాచిలర్స్ డిగ్రీలో మేజర్ కోసం మళ్లీ మళ్లీ తీసుకోక తప్పని కోర్సులకీ మాత్రమే మినహాయింపు. ఏళ్ల తరబడి మట్టి పనిచేస్తున్న రిటైరైన పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా కౌంటర్ దగ్గరికొచ్చి, తమ చక్రం ముందు ఇక ఎవరు కూర్చుంటారని అడిగారు. వాళ్లలో కొందరు ఫీజు మొత్తం చేతినుంచి పెట్టుకునే కమ్యూనిటీ ఎడ్యుకేషన్ క్లాసులకి మారారు. మిగిలినవాళ్లు కాలేజీకి రావడమే మానేశారు.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం తెనాలి దగ్గర పల్లెనుంచి వచ్చిన ఒకమ్మాయి. హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చింది. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వాళ్లకి పనిచేసే అనుమతి ఇవ్వడం మొదలయ్యాక, నర్సింగ్ వైపు వెళ్లాలని గట్టిగా అనుకుంది. నర్సింగ్ సీటుకి అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే చదివి ఉండాలి. వాటిలో వచ్చిన గ్రేడ్లే సీటు తెచ్చిపెడతాయి. అంతకుముందు ఎప్పుడో చదివిన అనాటమీలో ఆమెకి సి వచ్చింది.

"అక్కా, తప్పినవాళ్లకి మళ్లీ చదువుకునే అవకాశం ఉందంట. పాసైన నాకెందుకు లేదు?" అంది. తన ట్రాన్స్‌క్రిప్ట్ కౌంటర్ మీద పరిచి, ఆ సి మీద వేలు పెట్టి అడిగింది. "మన దగ్గర ఇంటర్ ఫస్టియర్‌లో పాసైనవాళ్లు కూడా ఇంప్రూవ్‌మెంట్ కడతారు కదక్కా."

సరైన ప్రశ్న. డి వస్తే మళ్లీ చదివి ఏ తెచ్చుకోవచ్చు. సి వస్తే కోర్సు పూర్తయినట్టే, మామూలుగా మళ్లీ ముట్టుకోనివ్వరు. అత్తెసరుగా గట్టెక్కినవాళ్లకంటే తప్పినవాళ్లకే ఇక్కడ వెసులుబాటు ఎక్కువ.

ఆ సెమిస్టర్‌లో ఏం జరిగిందమ్మా అని అడిగాను. కాన్పు అయిందని, కుట్లు చీము పట్టి మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందని చెప్పింది. అనాటమీ ల్యాబ్ పరీక్షలో బల్లల మీద ఎముకలు వరసగా పెట్టి, ఒక్కోదానికి నంబరు చీటీ కడతారు. గంట కొట్టగానే పక్క బల్లకి జరగాలి. ఆమె పొట్ట పట్టుకుని బల్ల నుంచి బల్లకి నడిచింది. మణికట్టు దగ్గరుండే చిన్నెముకలన్నీ కలగలిసిపోయాయట. "పేర్లన్నీ వచ్చక్కా. నిలబడలేకపోయాను" అంది.

కాలిఫోర్నియా టైటిల్ 5 నిబంధనల్లో 55045 అని ఒక సెక్షన్ ఉంది. ప్రమాదం, జబ్బు, లేదా విద్యార్థి చేతిలో లేని ఇంకేదైనా కారణం వల్ల గ్రేడ్ దెబ్బతిన్నదని రుజువైతే, ఆ గ్రేడ్ పాస్ గ్రేడే అయినా సరే, మళ్లీ చదవడానికి కాలేజీ అనుమతించవచ్చు. అనుమతించి తీరాలని లేదు. పిటిషన్ ఫారం తీసి ఆమె చేతికిచ్చాను. ఇలాంటిదొకటి ఉందని అంతకుముందు ఆమెకి ఎవరూ చెప్పలేదు. సి వస్తే మళ్లీ కుదరదని వేరే కిటికీల దగ్గర చెప్పి పంపేశారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ మాటతో ఆగిపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లకి కుదరదని చెప్పడం ఎంత బాగా వస్తుందో, కుదిరే దారి చెప్పడం కూడా అంత బాగా రావాలి.

మొదటిసారి పిటిషన్ వెనక్కి వచ్చింది. డాక్టర్ ఇచ్చిన ఉత్తరంలో జబ్బు పేరు ఉంది గాని తేదీలు లేవు. ఆస్పత్రిలో చేరిన రోజు, ఇంటికి పంపిన రోజు సెమిస్టర్ మధ్యలో పడ్డాయని కాగితంలో కనిపించాలి. డిశ్చార్జ్ సమ్మరీ తెప్పించుకుని మళ్లీ పెట్టుకుంది. ఈసారి ఒప్పుకున్నారు. రెండోసారి చదివి ఏ తెచ్చుకుంది. పాత సి రికార్డులో కనిపిస్తూనే ఉంటుంది గాని సగటు లెక్కలోంచి తీసేశారు.

ఆమెకి ఆస్పత్రి కాగితం ఉంది కాబట్టి పనయింది. అదే రోజుల్లో వేర్‌హౌస్‌లో పనిచేసే ఒక కుర్రాడు లెక్కల కోర్సు నాలుగోసారికి పిటిషన్ పెట్టుకున్నాడు. సెమిస్టర్ మధ్యలో పగటి షిఫ్ట్‌ని రాత్రికి మార్చేశారు. రెండుసార్లు డబ్ల్యూ పడింది, ఒకసారి తప్పాడు. షిఫ్ట్ మార్చామని సూపర్‌వైజర్ ఉత్తరం రాసివ్వలేదు. రుజువు లేదని పిటిషన్ కొట్టేశారు. చివరికి ఇంకో డిస్ట్రిక్ట్ కాలేజీలో చేరాడు. అక్కడి లెక్క వేరు, అక్కడ అతనికి అదే మొదటిసారి. పని దిగి నిద్ర లేకుండా రోజూ అంత దూరం కారు నడిపేవాడు. ఇక్కడి ఖాళీ బెంచీ ఖాళీగానే ఉండిపోయింది. అప్పటికి సీట్ల కరువు తీరిపోయింది, చాలా క్లాసుల్లో కుర్చీలు మిగిలేవి. నిబంధన మాత్రం కరువు నాటిదే.

2020 వసంతంలో కరోనా వచ్చి క్లాసులన్నీ ఇళ్లకి మారినప్పుడు, డబ్ల్యూకి బదులు ఈడబ్ల్యూ (ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్) ఇచ్చారు. అది మూడు ప్రయత్నాల్లోకి రాదు. నిబంధనల్లో అది అంతకుముందే ఉంది గాని దానికీ రుజువు కాగితాలు కావాలి. ఆ సెమిస్టర్‌లో కరోనా వల్ల మానుకున్నామంటే చాలన్నారు, కాగితం అడగలేదు. ఉద్యోగం పోయినవాళ్లు, ఇంట్లో ఒకే కంప్యూటర్‌ని ముగ్గురు పిల్లలతో పంచుకున్నవాళ్లు, తల్లిదండ్రుల్ని చూసుకోవాల్సి వచ్చినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. నేను ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని వాళ్ల డబ్ల్యూలు ఒక్కొక్కటే ఈడబ్ల్యూగా మార్చాను. అబద్ధం చెప్పి తీసుకుంటారేమోనని పైవాళ్లు భయపడ్డారు. నాతో మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది, మార్చానని చెప్పగానే అడిగిన మొదటి మాట, ఆ క్లాసు మళ్లీ ఎప్పుడు పెడతారని.