సూది మారిస్తే చాలదు

"డాక్టరుగారూ, మా వీధి చివర కొత్తగా ప్రాక్టీసు పెట్టినాయన మంచివాడేనా?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మంచివాడంటే వారి ఉద్దేశం హస్తవాసి మంచిదా అని. ఒక్క ఇంజెక్షనుతో జ్వరం దిగిపోతే హస్తవాసి మంచిది. మూడు రోజులు పడితే మంచిది కాదు! బజారులో అరకిలో వంకాయలు కొనడానికి ఒక్కొక్కటీ తిప్పి పుచ్చు చూసే మనం, ఒంట్లోకి సూది దింపే చోట మాత్రం తల పక్కకు తిప్పి కళ్లు మూసుకుంటాం. ఆ కళ్లు కాస్త తెరిచి చూడమని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా వుంది. దాచుకోకుండా చెబుతాను.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆస్పత్రులు, క్లినిక్కులు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసుకోవాలని 2002లో చట్టం వచ్చింది. అలా రిజిస్టరు చేసుకోదలచిన చోట్లకు వెళ్లి చూసివచ్చే పని, రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు, 2008లో నాకు కూడా అప్పగించారు. ఆ వరసలో ఒకనాడు మా చెల్లెలు కాపురముంటున్న వూరికి వెళ్లాను. అక్కడి డాక్టరు ఒకప్పుడు జిల్లా ఆస్పత్రిలో నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడే. తెలివైనవాడు. మా చెల్లెలి ఇంట్లో పిల్లల జ్వరాల దగ్గర్నుంచి బావగారి బ్లడ్ ప్రెషరు దాకా అన్నీ అతనే చూసేవాడు. పేదవారి దగ్గర ఫీజు తీసుకోడని వూళ్లో మంచి పేరు.

హాలు నిండా జనం. గోడలకు కొత్త సున్నం, దేవుడి పటానికి పూలదండ, నేల అద్దంలా వుంది. మొదట ఫ్రిజు తెరిచాను. ధనుర్వాతం టీకా సీసాల పక్కనే పెరుగు గిన్నె, మల్లెపూల పొట్లం వున్నాయి. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనంలో వుంచాలి. గడ్డకట్టినా ధనుర్వాతం టీకా పాడైపోతుంది. ఆ ఫ్రిజులో చల్లదనం ఎంత వుందో చూపించే థర్మామీటరు లేదు. గంటల తరబడి కరెంటు పోయే వూరు అది.

అక్కడినుంచి ఇంజెక్షను గదిలోకి వెళ్లాను. కంపౌండరు ఒక పెద్ద సీసాలోంచి బి కాంప్లెక్సు మందు లాగి, వరసగా ముగ్గురికి ఇచ్చాడు. ప్రతి మనిషికీ కొత్త సూది తొడిగాడు. సిరంజి మాత్రం ఒకటే.

"సిరంజి మార్చవేమయ్యా?" అన్నాను.

"సూది మారుస్తున్నాను కదండీ! ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చమండి" అన్నాడు ఎంతో నమ్మకంగా.

అతన్ని కోప్పడబోయి ఆగిపోయాను. ఎందుకంటే, 1976లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు నేనూ అదే చేశాను. అప్పట్లో గాజు సిరంజిలు వుండేవి. కిరసనాయిలు స్టవ్ మీద స్టీలు పెట్టెలో నీళ్లుపోసి మరిగించేవాళ్లం. ప్రతిసారీ ఇరవై నిమిషాలు మరగనివ్వాలి. జ్వరాల రోజుల్లో వందమంది వస్తే, వున్న సిరంజిలు ఆరు. అంచేత సూది మాత్రం మార్చి, అదే సిరంజితో అయిదారుగురికి ఇచ్చేసేవాళ్లం. సూది మారింది కనుక దోషం లేదనే అనుకున్నాం.

దోషం వుంది. కండలోంచి సూది లాగేటప్పుడు, సిరంజి నుంచి సూదిని వూడదీసేటప్పుడు, కంటికి కనిపించనంత నెత్తురు వెనక్కి, సిరంజి మూతిలోకి చేరుతుంది. కొత్త సూది తొడిగి మందు పోస్తే ఆ నెత్తురు రెండో మనిషి ఒంట్లోకి పోతుంది. అదే సిరంజిని మళ్లీ సీసాలో ముంచితే సీసా మొత్తం చెడుతుంది. హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్ శరీరం వెలుపల, ఎండిన నెత్తుటి మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి వుండగలదు. ఇవన్నీ నేను చదువుకున్నది తర్వాత. ఆ వూళ్లో నా దగ్గర ఇంజెక్షన్లు చేయించుకున్న ఒక దర్జీ, కొన్ని నెలల తర్వాత పచ్చబడ్డ కళ్లతో వచ్చాడు. ఆ కామెర్లు నా సిరంజివల్ల వచ్చాయో, మరో కారణంవల్ల వచ్చాయో ఈనాటికీ నాకు తెలియదు. తెలియకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

నేను చూసింది చెప్పగానే ఆ డాక్టరు ముఖం చిన్నబోయింది. "గురువుగారూ, ఇది మీ దగ్గర నేర్చుకున్నదే కదండీ" అన్నాడు నెమ్మదిగా. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం మా చెల్లెలు, "అన్నయ్యా, ఆయన మా పాలిట దేవుడు. ఆయన మీద రాస్తే వూళ్లో మేం తలెత్తుకోలేం" అని కంటతడి పెట్టుకుంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రాయకపోతే వారి స్నేహం నిలుస్తుంది. కాని రేపు ఆ గదిలో చెయ్యి చాచే పసివాడికి నేనేం సమాధానం చెప్పాలి? తెల్లవారి, చూసింది చూసినట్టే రాశాను. సరిదిద్దాక మళ్లీ చూడాలని కూడా రాశాను. అతను నాతో మాట్లాడటం మానేశాడు.

2009 మొదట్లో గుజరాత్‌లోని మొడాసా నుంచి వార్తలు వచ్చాయి. వాడిన సిరంజిలే మళ్లీ వాడటంవల్ల అక్కడ హెపటైటిస్ బి వ్యాపించి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. ఆ వారంలోనే అతను మా ఇంటికి వచ్చాడు. "మీరు రాసింది మంచిదే అయింది గురువుగారూ. ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లాను. మనిషికొక సిరంజి, గోడమీద థర్మామీటరు పట్టిక కనిపించాయి. పెరుగు గిన్నె ఇంటికి వెళ్లిపోయింది!

అధికారులు ఏడాదికొకసారైనా వస్తారో రారో. మీరు మాత్రం తరచు వెళతారు. కాబట్టి ఈ కింది విషయాలు గమనించండి.

మొదటిది, డాక్టరుగారి రిజిస్ట్రేషను నెంబరు. దాన్ని క్లినిక్కులోనూ, మందుల చీటీ మీదా కనిపించేలా వుంచాలని 2002 నాటి వైద్యవృత్తి నిబంధనలే చెబుతున్నాయి. డిగ్రీ లేని 'డాక్టర్లు' ఇక్కడే దొరికిపోతారు.

రెండు, చేతులు. ఒక రోగిని చూశాక మరొకరిని ముట్టుకునేముందు చేతులు కడుగుతున్నారా? కుళాయి, సబ్బు ఆ గదిలో వున్నాయా?

మూడు, సిరంజి. సీలు వేసిన పాకెట్టును మీ కళ్లముందే చించాలి. పాకెట్టు మీది గడువు తేదీ చూడండి. సూది ఒక్కటే మారిస్తే ఒప్పుకోకండి.

నాలుగు, వాడిన సూది ఎక్కడికి పోతోంది? అది గుచ్చుకుపోని గట్టి తెల్లడబ్బాలోకి పోవాలి. దూది, కట్లు వేసే బుట్టలో పడితే తెల్లవారి ఆ బుట్ట ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

అయిదు, కుట్లు వేసే, పళ్లు పీకే పరికరాలు. స్పిరిటుతో తుడిస్తే చాలదు. నీళ్లలో మరిగించినా కొన్ని మొండి క్రిములు చావవు. ఆటోక్లేవు అనే ఆవిరి పెట్టెలో, 121 డిగ్రీల వేడిలో, తగినంతసేపు వుంచాలి. ఆటోక్లేవు వుందా అని అడగండి.

ఆరు, కాగితాలు. చీటీలో మందు పేరు చదవగలిగేలా వుండాలి. మీ వైద్యానికి సంబంధించిన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని పైన చెప్పిన నిబంధనల్లోనే వుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, "ఈ ఇంజెక్షను తప్పదా? మాత్ర సరిపోదా?" అని అడగడం. మామూలు జలుబుకూ, దగ్గుకూ, ఒంటినొప్పులకూ సూది అక్కరలేదు. బలానికని అడిగి మరీ పొడిపించుకునే అలవాటు మనది. జనం అడగడం మానితే సగం ప్రమాదం తప్పుతుంది.

వీటిని పోట్లాటగా అడగవద్దు. "ఏమీ అనుకోకండి డాక్టరుగారూ, భయంకొద్దీ అడుగుతున్నాను" అంటే చాలు. మంచి డాక్టరు నొచ్చుకోడు. నొచ్చుకున్నా రెండోసారికి సర్దుకుంటాడు. ఎన్నిసార్లు చెప్పినా సిరంజి మార్చని చోటు వుంటే, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి ఒక ఉత్తరం రాయండి. అది చాడీ కాదు, పక్కింటి బిడ్డను కాపాడటం.

మా చెల్లెలు ఇప్పటికీ ఆ డాక్టరు దగ్గరికే వెళుతుంది. కాకపోతే, పాకెట్టు చించే చప్పుడు వినిపించాకే చెయ్యి చాస్తుందట.