ఇచ్ఛానాథ్‌లో ఒక విద్యాసంవత్సరము

చెన్నై నుండి అహమ్మదాబాదుకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లులో ఆగినపుడు రెండు విధములైన ప్రయాణికులు ఆ బండి నెక్కుదురు. ఒకరి చేతిలో బట్టల మూట, మామిడికాయ తొక్కు సీసా, సూరతులో పని చూపెదనని మాట యిచ్చిన బంధువు చిరునామా. వీరు సాంచాల మీద బట్ట నేయుటకు పోవువారు. మరియొకరి చేతిలో కొత్త పెట్టె, దానిలో భద్రముగ మడిచిన ప్రవేశపత్రము. వీరు ఇంజనీరింగు చదువుటకు పోవువారు. దాదాపు ఒక దినమంత ప్రయాణము. ఆ ఒక దినము మాత్రము ఇరువురును ఒకే కిటికీలో నుండి వార్ధాను, భుసావలును, తపతీ లోయను చూతురు. ఒకరి పులిహోర ఒకరు పంచుకొందురు. ఏ ఊరు, ఎవరి యింటివాడవని ఒకరినొకరు అడిగి తెలిసికొందురు. సూరతు స్టేషను బయట దారులు చీలిపోవును. మొదటివారు లింబాయత్ వైపు పోవుదురు. రెండవవారు సముద్రతీరమునకు పోవు డుమస్ రోడ్డు పట్టి ఇచ్ఛానాథ్ అను చోట దిగుదురు. అటు తరువాత ఏండ్ల తరబడి ఒకరి మొగము నొకరు చూడకపోవచ్చును.

ఇచ్ఛానాథుడు శివుడు, కోరిన కోర్కె తీర్చువాడని ఆ పేరు. ఆయన గుడి ఉన్న చోటనే కోర్కెలు మూటగట్టుకొని వచ్చు పిల్లల కొరకు ఒక విద్యాలయము వెలసినది. రెండవ పంచవర్ష ప్రణాళికా కాలమున దేశమునకు ఇంజనీర్ల కొరత రానున్నదని గ్రహించిన ప్రభుత్వము, కేంద్రమును రాష్ట్రములును కలిసి నడపు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలను నెలకొల్పసాగినది. వానిలో మొదటిది వరంగల్లుకు దక్కినది. 1959 అక్టోబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ అక్కడ శంకుస్థాపన చేసినారు. రెండేండ్ల తరువాత, 1961లో, సర్దారు వల్లభభాయి పేరిట సూరతు కళాశాల పుట్టినది. ఆరంభమున సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ అను మూడే శాఖలు.

ఈ విధముగ వరంగల్లును సూరతును ఒక తల్లి బిడ్డలైనవి. అంతకు ముందే వాని మధ్య మరియొక చుట్టరికము కలదు, అది నూలుపోగుది. సూరతు జరీ లోకప్రసిద్ధము. 1608లో ఆంగ్లేయుల ఓడ మొదట లంగరు వేసిన దీ రేవు దాపుననే. వారిని రప్పించిన సరకులలో బట్టకు పెద్దపీట. ఇరువదవ శతాబ్దమున ఆ నగరము కృత్రిమ పట్టునకు, పవర్‌లూములకు రాజధాని అయినది. ఇటు వరంగల్లులో 1934 నాటి ఆజంజాహీ మిల్లు ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టి, తుదకు మూతపడినది. చేమగ్గము కూడు పెట్టని నాడు వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు షోలాపూరునకు, భివండికి, సూరతునకు తరలిపోయినారు. మార్కండేయ మహాముని ఉత్సవమును, బతుకమ్మను వెంట తీసికొని పోయినారు. మగ్గమును మాత్రము తీసికొని పోలేదు. అక్కడ వారికొరకు కాచుకొని ఉన్నది యజమాని సాంచా. పండ్రెండు గంటల పాళీ, నేసిన మీటరుకు కూలి, ఒక వారము పగలు, ఒక వారము రాత్రి. ఒకప్పుడు పడుగు, పేకల లెక్క చూచికొని రంగు నిర్ణయించిన కన్నులు ఇపుడు నాలుగైదు సాంచాల మీద పోగు ఎక్కడ తెగినదా అని మాత్రమే చూడవలెను.

ప్రాంతీయ కళాశాలల నియమములలో గొప్ప దొకటి కలదు. సగము స్థానములు ఆ రాష్ట్రపు విద్యార్థులకు, మిగిలిన సగము ఇతర రాష్ట్రములవారికి. దేశైక్యమును గూర్చి సభలలో చేసిన వేయి ఉపన్యాసములకంటె ఈ ఒక్క నియమము ఎక్కువ పని చేసినదనుట అతిశయోక్తి కాదు. గుంటూరు పిల్లవాడు సూరతు వసతిగృహములో ధోక్లా తిని మొగము చిట్లించుట, నాలుగేండ్ల తరువాత ఇంటికి వచ్చి అది లేదే అని అడుగుట, గుజరాతీ మిత్రుడు వాని వలన ఆవకాయకు అలవాటుపడి కన్నీరు పెట్టుకొనుట – ఇవి ఏ నివేదికకును ఎక్కని లాభములు. కాని ఈ సగపాలు లెక్కలో ఊరిలోనే ఉన్న వలసవాని బిడ్డ ఎటు చేరును? ఆ ప్రశ్న చాలకాలము ఎవరికిని తట్టలేదు. ఆ బిడ్డలు అంతదూరము చదివినప్పుడు గదా!

కళాశాల పెరుగుట నెమ్మదిగానే సాగినది. 2002లో దానికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అని పేరు మారినది. 2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నుండి వదలిన నీటితో తపతి పొంగి నగరమునందు అధికభాగమును ముంచినది. సూరతువాసులు నేటికిని సంవత్సరములను ఆ వరదకు ముందు, ఆ వరదకు తరువాత అని లెక్కింతురు. 2007 ఆగస్టు 15 నుండి అమలులోనికి వచ్చిన చట్టము ఇట్టి సంస్థలన్నింటికిని జాతీయ ప్రాముఖ్యము గలవను హోదా నిచ్చినది. పేరు, హోదా ఇవి పైమెరుగులు. అసలైన పెరుగుదల 2008లో వచ్చినది. దానిని తెచ్చినది కట్టడములు కాదు, ఒక త్రైరాశికము.

కేంద్ర విద్యాసంస్థలలో ఇతర వెనుకబడిన తరగతులకు నూటికి 27 స్థానములు ప్రత్యేకింపవలెనని 2006 డిసెంబరులో పార్లమెంటు చట్టము చేసినది. 2007 మార్చిలో సుప్రీముకోర్టు దానిని నిలిపివేసినది. ఆ యేడు దరఖాస్తు పెట్టుకొన్న పిల్లలకు చట్టము పుస్తకములో ఉండియు లేనట్లే అయినది. 2008 ఏప్రిల్ 10న అదే న్యాయస్థానము, సంపన్న శ్రేణిని మినహాయించి, చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. అప్పటికి ప్రవేశములకు మిగిలినది రెండు మూడు నెలలు మాత్రమే.

ఇక లెక్క. అంతకు ముందు ఒక కళాశాలలో నూరు స్థానములున్నవనుకొందము. షెడ్యూల్డు కులములకు 15, తెగలకు ఏడున్నర పోగా డెబ్బది ఏడున్నర అందరికిని తెరచి ఉండెడివి. కొత్తగా 27 తీసినచో అవి యాభైయున్నరకు దిగును. అట్లు దిగరాదని ప్రభుత్వము మాట యిచ్చినది. అనగా తెరచిన స్థానములు నూటికి యాభైయున్నర అయినను, వాని సంఖ్య మాత్రము పూర్వపు డెబ్బది ఏడున్నర కావలెను. అట్లు కావలెనన్న మొత్తము దాదాపు నూటయేబది నాలుగునకు పెరుగవలెను. వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడిన పర్యవేక్షక సంఘము చెప్పిన నూటికి 54 పెంపు ఇట్లు వచ్చినదే. మూడేండ్లలో మెల్లమెల్లగా పూర్తి చేయవచ్చునని వెసులుబాటు కలిగినది. ఈ లెక్కలో మరియొక విశేషమును చాలమంది గమనింపలేదు. మొత్తము పెరిగినందున షెడ్యూల్డు కులములవారి 15 స్థానములు 23 అయినవి. తెగలవారి ఏడున్నర పదకొండున్నర అయినవి. ఒకరికి పెట్టబోయిన విస్తరి నలుగురికి అన్నము వడ్డించినది. ఎవరి విస్తరిలోనిదియు తీయలేదు. మన దేశపు సామాజిక చరిత్రలో ఇట్టి సందర్భములు తరచు రావు.

కాగితము మీద స్థానము, తరగతిలో కుర్చీ, వసతిగృహములో మంచము ఈ మూడును ఒకటి కావు. మొదటిది ఒక ఉత్తరువుతో వచ్చును. రెండవదానికి వడ్రంగి కావలెను. మూడవదానికి గోడలు లేవవలెను. ప్రయోగశాలలో పరికరములు, వానిని చూపి చెప్పగల అధ్యాపకులు ఇంకను ఆలస్యముగా వత్తురు. అందుచేత ఏ చిన్న విద్యాలయమునందైనను అట్టి సంవత్సరము సందడిగాను, కొంత ఇరుకుగాను గడచును. భోజనశాల ముందు వరుస పొడవగును. వెనుక బల్లలవారికి నల్లబల్ల మీది అక్షరములు చిన్నవగును. పాతవారు కొత్తవారిని చూచి గొణుగుదురు. ఈ గొణుగుడును నిందింప నవసరము లేదు. ఉమ్మడి కుటుంబములో పెండ్లి జరిగిన యేడు నీళ్లబిందె దగ్గర వినబడు గొణుగుడు వంటిదే యిది. పసికందు వచ్చిన తరువాత అది మరపునకు వచ్చును.

ఆ 2008 సూరతుకు మంచి సంవత్సరము కాదు. జులై చివరి దినములలో నగరమందు పలుచోట్ల బాంబులు దొరికినవి. ఒక్కటియు పేలకపోవుట దైవకృప. చలికాలము వచ్చునప్పటికి ప్రపంచపు మాంద్యము వజ్రముల సానలను తాకినది. రాళ్లు కోయువారు వేలకొలది పని కోల్పోయి సౌరాష్ట్రలోని తమ ఊళ్లకు తిరిగిపోయినారు. అట్టి యిండ్లలో ఎందరో పిల్లలు బడి మానినారు. పని ఉన్న చోటనే బిడ్డకు బడి ఉండు నగరమది. ఇట్లు ఒక మూల విద్యాలయము తలుపు వెడల్పగుచుండగా, వేరొక మూల ఆ తలుపు దాక రాగలవారి సంఖ్య తగ్గుచుండెను.

లింబాయత్‌లోని నేతగాని యింటికి ఇపుడు రావచ్చును. సూరతు నగరపాలక సంస్థ గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులను నడపుచున్నది. తెలుగు బడులును వానిలో కలవు. పరభాషాప్రాంతమున పురపాలక సంస్థ ఖర్చుతో అ ఆలు దిద్దించు ఊళ్లు మన దేశమున ఎన్ని ఉన్నవి? ఈ ఔదార్యమునకు సూరతును మెచ్చుకొనవలెను. ఆ బడిలో పిల్లవాడు వేమన పద్యము నేర్చుకొనును. వీధిలో గుజరాతీ, సినిమాలో హిందీ, ఇంట తెలంగాణపు తెలుగు. పై చదువు మాత్రము తెలుగులో లేదు. ఇంజనీరింగు కళాశాల ఇంగ్లీషుది. ఒక మెట్టు మీద నిలిచినవాడు మూడు మెట్లు ఒక్కసారి దూకవలెను; దూకలేనివాడు తండ్రి పక్కన సాంచా దగ్గర నిలుచును. 'సాంచా' అను మాట ఒక్కటే అతనికి ఇంటను, పనిలోను, గుజరాతీ యజమాని నోటను ఒకే రీతిగా వినబడును.

ఈ సందర్భమున నర్మదుని తలచుకొనకుండ ఉండలేము. 1833లో ఈ సూరతులోనే పుట్టి, 1858లో ఉపాధ్యాయవృత్తి విడిచి, కలమును నమ్ముకొని బ్రతికెదనని శపథము పట్టిన కవి. విధవావివాహమును సమర్థించుటయే గాక తాను ఆచరించినాడు. మన కందుకూరి వీరేశలింగముగారికి అన్నవంటివాడు. ఒంటిచేతితో సంకలించిన నిఘంటువు 'నర్మకోశము' 1873లో ముద్రణ కెక్కినది. 1967లో ఏర్పడిన దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమునకు 2004లో ఆయన పేరు పెట్టినారు. మాటలు కూర్చుటకు జీవితమును ఒడ్డిన వాని ఊరిలో, మాట మారుటచేత చదువు ఆగిపోవు పిల్లలుండుట ఎట్టి విచిత్రము!

మూడు మెట్లును దూకినవాడు ఒకడున్నాడనుకొందము. అప్పుడు ప్రవేశ నియమములు అతనిని ఒక వింత మనిషిగా చేయును. పండ్రెండవ తరగతి ఏ రాష్ట్రమున నెగ్గినాడో ఆ రాష్ట్రమే అతని స్వరాష్ట్రము. కాబట్టి ఇచ్ఛానాథ్‌లో అతడు గుజరాతీవాడు. వరంగల్లులో చదివిన అతని మేనత్త కొడుకు అదే కళాశాలకు వచ్చినచో పరరాష్ట్రీయుడు. ఇద్దరును ఒకే తాత మనుమలు, ఒకే గోత్రపుటింటి భోజనము తిన్నవారు. మరి వెనుకబడిన తరగతి పత్రము మాటేమి? దానికి మాత్రము గుజరాతు చాలదు. తండ్రికి స్వస్థలమున ఇచ్చిన కాగితమే ఆధారము. సూరతువాడని ఒక కాగితము, ఓరుగల్లువాడని మరియొకటి. రెండును ఒకే పెట్టెలో పెట్టుకొని అతడు వరుసలో నిలుచును. ఆ కాగితము కొరకు తండ్రి రెండు దినముల కూలి పోగొట్టుకొని అదే నవజీవన్‌లో వెనుకకు పోవలెను. తహసీలుదారు కచేరిలో తన తాత పేరు, తండ్రి పేరు, విడిచిన యింటి నంబరు చెప్పవలెను. 2008లో తెరచిన తలుపునకు తాళపుచెవి వేయి కిలోమీటర్ల దూరమున ఉన్నదన్నమాట.

పెంపు అంతటితో ఆగలేదు. ఆర్థికముగ వెనుకబడినవారికి నూటికి పది యిచ్చిన 2019లో అట్టి త్రైరాశికమే తిరిగి వేసినారు. అంతకు ముందు 2017లో సూరతుకు సమాచార సాంకేతిక విద్యాసంస్థ మంజూరై, సొంత గోడలు లేక, ఇచ్ఛానాథ్ ఆవరణముననే తరగతులు ఆరంభించినది. ఒకప్పటి పసికూన మరియొక పసికూనకు ఉయ్యాల అయినది. 2020లో పార్లమెంటు ఆ చిన్నదానికిని జాతీయ ప్రాముఖ్య హోదా నిచ్చినది.

ఆ 2017లోనే, అక్టోబరు 22న, వరంగల్లు దగ్గర కాకతీయ మెగా వస్త్ర పార్కునకు శంకుస్థాపన జరిగినది. సూరతు, షోలాపూరు, భివండీలలోని తెలంగాణ నేతగాండ్రు ఇక తిరిగి రావలెనని పిలుపు వెళ్లినది. లింబాయత్‌లో పదునొకండవ తరగతి చదువు బిడ్డ ఉన్న ఇంటికి ఆ పిలుపు అందినపుడు అది పని సమస్యగా మాత్రమే ఉండదు. పరీక్షకు ముందు ఇల్లు కదిలినచో, బిడ్డ అక్కడ పండ్రెండవ తరగతి నెగ్గి, వరంగల్లు కళాశాలకు స్వరాష్ట్రీయుడగును, ఇచ్ఛానాథ్‌కు పరాయివాడగును. కదలనిచో దీనికి విపర్యయము. ఏది సులువో, ఏ వైపు పోటీ తక్కువో తల్లికి తెలియదు. తండ్రి రాత్రి పాళీ ముగించుకొని వచ్చి, చెవులలో సాంచాల హోరు ఇంకను తగ్గక, బిడ్డనే అడుగును. బోర్డు పరీక్షకు దరఖాస్తు పెట్టు గడువు వచ్చువరకు ఆ యింట ఆ మాట తేలదు.