ఈ నెల సభలకు మనమును పోవుదము

మా యింట వంటగది గోడకు రెండు పట్టికలు వ్రేలాడుచుండును. ఒకటి పంచాంగపు క్యాలెండరు. ఏకాదశి యెప్పుడు, సంకటహర చతుర్థి యెప్పుడు, పాలవాఁడు నెలలో ఎన్ని దినములు రాలేదు అను సంగతులన్నియు దానియందే చూచుకొందుము. రెండవది మావారు ప్రతిమాసమును మొదటివారమున తమ గుండ్రని చేవ్రాతతో వ్రాసి యంటించు కాగితము. మా యింటికి కొలఁది దూరమున నున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆ నెల జరుగనున్న ఉపన్యాసములు, నాట్యప్రదర్శనములు, నాటకములు, చిత్రకళా ప్రదర్శనములు మొదలగువాని ప్రకటనలు వారి ఫోనునకు వచ్చుచుండును. వారు వానిని ఏరి, తేదీలు వేళలు కూర్చి, ఆ కాగితముపై నెక్కింతురు.

మొదటి పట్టికలోని తిథులలో నొక్కటియు మేము తప్పి యెఱుఁగము. రెండవ పట్టికలోని తేదీలను మాత్రము నాలుగేండ్లు చదువుచు, చదివి విడుచుచు వచ్చితిమి. ఆ విడుచుట యెందులకో, అది యెట్లు మానితిమో మీతో చెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది చందానగరు. మావారు గణితోపాధ్యాయులు. మేము బాల్యమున జబ్బుచే బడికి పోవుటకు వీలుపడక, మా తండ్రిగారియొద్దనే అమరము, రఘువంశము, భాగవతము, కొన్ని ప్రబంధములు చదువుకొంటిమి. పట్టము లేదు, పరీక్ష లేదు. వివాహమై పదునైదేండ్లయినను సాయంకాలము పని తీఱిన పిదప ఏదో యొక కావ్యము తెఱచుట మానలేదు. కాని చదువుచుండఁగా సందేహము కలిగినచో అడుగుటకు తండ్రిగారు లేరు. మావారిని అడిగితిమా, “నాకు తెలిసినది లెక్కలు. ఈ లెక్క నాకు రాదు” అని నవ్వుదురు. ఆ నవ్వు చాలక పోయిననే కదా, వారు ఆ కాగితము వ్రాసి యంటింప మొదలిడినది!

అయినను విశ్వవిద్యాలయ మనఁగానే మాకు గుండె జంకెడిది. ఈ ప్రాంత మంతయు మా కన్నులయెదుటనే ఆకాశమున కెగసినది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాఁటినుండి మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి బండలన్నియు అద్దాల మేడలుగా మాఱుచు వచ్చెను. 2019లో మెట్రో రైలు రాయదుర్గము వఱకు వచ్చెను. మెడలో గుర్తింపు పలకలు వేసికొని తిరుగు ఈ యువతీయువకుల నడుమ, చేతిసంచిలో కొత్తిమీర కట్టతో నడచు మాకు, ఏ ద్వారమును మనది కాదేమో అను భావము సహజముగా కలుగును గదా!

అటువంటి మా జంకును కొంత పోఁగొట్టినది ఈ విద్యాలయపు పుట్టుక కథ. 1969లో తెలంగాణోద్యమము, 1972లో జై ఆంధ్రోద్యమము జరిగిన పిదప, 1973లో ఆఱుసూత్రముల ఒడంబడిక కుదిరెను. హైదరాబాదున నొక కేంద్రీయ విశ్వవిద్యాలయము నెలకొల్పుట అందొక సూత్రము. ఆ మేరకు పార్లమెంటు చట్టముచే 1974లో ఇది స్థాపింపబడెను. గచ్చిబౌలిలో 2,300 ఎకరములకు పైగా భూమిని కేటాయించిరి గాని, మొదట పాఠములు మొదలైనది నగరము నడుమ, నాంపల్లి ప్రాంతమున నున్న ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అను నింట. అది సరోజినీదేవిగారి నివాసము. 1905లో అచ్చయిన ఆమె తొలి కవితాసంపుటి పేరే ఆ యింటికిని పేరు. పండ్రెండేండ్ల ప్రాయమున మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్షయందు కృతార్థురాలై, నిజాము ప్రభువుల విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు పోయి చదివి, 1898లో గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడి మన తెలుగువారి కోడలైన ఆ మహనీయురాలి పేరనే నేఁడు గచ్చిబౌలి ఆవరణమున నాట్యము, నాటకము, చిత్రకళ మొదలగు విద్యలు నేర్పు శాఖ నడచుచున్నది. ఒక స్త్రీ యింట పాఠములారంభించిన విద్యాలయమునకు పోవుటకు ఇల్లాలికి సంకోచమేల యని మాకు మేమే ప్రశ్న వేసికొంటిమి.

ప్రశ్న వేసికొనుట సులభము. పోవుట కాదు. క్రిందటి సంవత్సరము ఆ కాగితముపై ‘నంది తిమ్మన కవిత్వము’ అను ఉపన్యాసము కనఁబడెను. పారిజాతాపహరణము మాకు మిక్కిలి ఇష్టమైన కావ్యము. దానిని గూర్చి యొక సందేహము చిరకాలముగా మనస్సున మెదలుచుండెను. ఉపన్యాసము సాయంకాలము నాలుగు గంటలకు. ఆ నాలుగు గంటలకు మేమేమి చేయుచుంటిమో తెలియునా? పెరటి అరుగుపై కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుచుంటిమి. ఆ పని మఱునాఁడు చేసికొనఁదగినదే. పనివలన గాక జంకువలననే పోలేదని మాకు తెలియును.

ఆఱవ తరగతి చదువుచున్న మా అమ్మాయి బడినుండి వచ్చి, కాగితము వంక చూచి, “అమ్మా! నీవు పోలేదా?” అని యడిగెను. “పెద్ద చదువులు చదివినవారి నడుమ మనమేమి యడుగఁగలమమ్మా” అంటిమి. “తెలియనిది చేయెత్తి అడుగుమని నాకు దినమును చెప్పుచుందువే! నీవు మాత్రము అడుగవా?” అని అది పుస్తకముల సంచి దించి లోనికి పోయెను. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు. మేము దానికి నోటితో చెప్పునది యొకటి, చేసి చూపునది మఱియొకటి. పిల్లలు నేర్చుకొనునది రెండవదానినే కదా!

తరువాతి మాసపు కాగితమున ‘కూచిపూడి భామాకలాపము: సోదాహరణ ప్రసంగము’ అని యుండెను. శుక్రవారము సాయంకాలము ఐదు గంటలకు. ఈసారి మా అత్తగారిని తోడు రమ్మంటిమి. ఆమెకు అఱువదియెనిమిదేండ్లు. “నాకేమి తెలియునే అమ్మాయీ?” అనుచునే పట్టుచీర బయటికి తీసిరి. మావారు ఆ పూట అన్నము, చారు తామే చూచుకొందు మనిరి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున స్త్రీలకు ఎక్స్‌ప్రెస్, సాధారణపు బస్సులలో ఛార్జీ లేదు గనుక దారిఖర్చు మాటయే లేకపోయెను. ద్వారమువద్ద కావలివాఁడు ఎచ్చటికని యడిగెను. “నాట్యసభకు” అంటిమి. దారి చూపెను. నాలుగేండ్లు మేము భయపడిన ప్రశ్న అదొక్కటే.

సభలో మొదట ఆచార్యురాలొకరు మాటలాడిరి. సిద్ధేంద్రయోగి రచించెనని పెద్దలు చెప్పు ఈ కలాపమును కూచిపూడి గ్రామమున తరతరములుగా పురుషులే ఆడుచు వచ్చిరనియు, వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషమున నెట్లు ప్రసిద్ధికెక్కిరో, 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసున స్థాపించిన అకాడమీ మూలమున ఎందఱు బాలికలు ఈ విద్యను నేర్చిరో వివరించిరి. పిదప ఒక విద్యార్థిని సత్యభామగా ప్రవేశించెను. ముందుగా తెర, తెరపైనుండి ఈవలికి వ్రేలాడిన పొడవైన జడ. ఆ జడ రసికులకు సవాలుగా వేయునదఁట. ఇన్నేండ్లు పద్యములలో చెవులతో విన్న సత్యను ఆ దినము కన్నులతో చూచితిమి.

తరువాత మాధవి సత్యభామను భర్త పేరడుగు ఘట్టము వచ్చెను. సత్య సిగ్గుపడును, తడఁబడును, గుర్తులు చెప్పును, పేరు మాత్రము నోట రాదు. మా అత్తగారు నవ్వాపుకొనలేక కొంగు నోటికడ్డము పెట్టుకొనిరి. రేషను కార్డు వ్రాయించుకొన పోయిన దినమున మామగారి పేరు చెప్పలేక ప్రక్కయింటి పిల్లవానిచేత చెప్పించిన ఇల్లాలామె! “ఇది నా కథయే గదా” అని మా చెవిలో ననిరి.

ప్రసంగము ముగిసినది. ప్రశ్నలున్నచో అడుగవచ్చునని ఆచార్యురాలు పలికిరి. ఒకరిద్దఱు విద్యార్థులు అడిగిరి. మా సందేహము నాలుక చివరకు వచ్చి అచ్చటనే నిలిచెను. చేతులు చల్లఁబడెను. అంతలో మా అత్తగారు లేచి నిలిచి, “అమ్మా! మా కోడలికొక సందేహమున్నదఁట. పుస్తకములు చదువుకొన్న పిల్ల. సిగ్గుపడుచున్నది” అనిరి. సభయంతయు మావంక తిరిగెను. ఇఁక లేవక తప్పినది కాదు.

మేమడిగిన దిది. తిమ్మనగారి కావ్యమున పారిజాతపుష్పము రుక్మిణికి దక్కినదని విని సత్య యలుగును. కృష్ణుఁడే వచ్చి ఆమె పాదములకు మ్రొక్కును. కలాపమునందో, సత్యయే విరహమున వేఁగి, లేఖ వ్రాసి, రమ్మని వేఁడును. ఆ మానవతికి ఈ మార్పెట్లు వచ్చినది?

ఆచార్యురాలు ఒక్క నిమిషమూరకుండి, ఇట్లనిరి: “కావ్యము కృష్ణదేవరాయల సభలో చదివి యానందించుటకు పుట్టినది. కలాపము భక్తిచే ఆడుటకు పుట్టినది. ఇందు సత్య జీవాత్మ, కృష్ణుఁడు పరమాత్మ యని చెప్పుట మా సంప్రదాయము. గర్వము విడిచి పిలువవలసినది జీవుఁడే కదా! మఱియొకటి కూడ నున్నది. కోపము క్షణములో ముగియును. విరహము గంటలకొలఁది అభినయింపఁదగినది. రంగమునకు ఏది యక్కఱయో కూడ చూడవలెను.” ఈ రెండవ మాట మాకు పుస్తకములలో దొరకునది కాదు. ఆడి చూచినవారు చెప్పవలసినదే. మా సందేహము సగము తీఱెను. జీవాత్మ యెప్పుడును స్త్రీయే యేల కావలెనను మిగిలిన సగము ఇంకను మనస్సున నున్నది.

ఇంటికి వచ్చుసరికి ఎనిమిది దాఁటెను. చారులో ఉప్పు రెండుమాఱులు పడినది. ఎవ్వరును ఏమియు ననలేదు. “అడిగితివా?” అని మా అమ్మాయి. “అడిగినది. నేనే లేపితిని” అని అత్తగారు. మావారు “మాధవి లేనిది సత్య నోరు విప్పదు గదా” అని నవ్విరి. తమకు కావ్యములు రావని చెప్పుకొను మనిషి ఆ మాట యననే అనిరి!

సోదరీమణులారా! ఇట్టి సభలు మీ చెంతనును జరుగుచుండును. ఈ ప్రాంతముననే 1998లో స్థాపింపబడిన మౌలానా ఆజాదు జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయ మున్నది. శిల్పారామమున వారాంతములందు నాట్యప్రదర్శనము లుండును. విశాఖపట్టణమున 1926 నాఁటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, తిరుపతిలో 1954 నాఁటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, వరంగల్లున 1976 నాఁటి కాకతీయ విశ్వవిద్యాలయము గలవు. పోవు ముందు సభ యందఱకును ప్రవేశ ముండునదియో కాదో కనుఁగొనుఁడు. ఒంటరిగా పోక మఱియొకరిని తోడు తీసికొనుఁడు. వంట మధ్యాహ్నమే ముగించుకొనుఁడు, లేదా ఆ పూట ఉప్పు చారునకు ఓర్చుకొనుఁడు. అడుగఁదలఁచిన ప్రశ్నను చీటిపై వ్రాసికొని పొండు. నోరు రానప్పుడు చీటి చదువవచ్చును.

ఈ మాసపు కాగితమును మావారు నిన్ననే అంటించిరి. విద్యార్థుల నాటకమొకటి, చిత్రపటముల ప్రదర్శనమొకటి, భక్తికవిత్వముపై ఉపన్యాసమొకటి యున్నవి. విద్యార్థులు ఏటేట జరుపు ‘సుకూన్’ ఉత్సవము వచ్చినప్పుడు తన్నును తీసికొని పోవలెనని మా అమ్మాయి ఇప్పటినుండియే మాట తీసికొన్నది. ఉపన్యాసపు తేదీ చుట్టును అత్తగారు కుంకుమతో చుక్కలు పెట్టిరి. ఆ దినము ఏకాదశి కూడ నఁట. వంట పనియే లేదు. మిగిలిన సగము సందేహమును చీటిపై వ్రాసి పెట్టుకొంటిమి.