ఫ్రిజ్ తలుపులో కంటి చుక్కలు

స్టెరాయిడ్ అనగానే మనవాళ్ళు పాముని చూసినట్టు బెదిరిపోతారు. అదే మందు కంటి చుక్కల సీసాలో ఉంటే మాత్రం జండూబామ్ లాగా ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. నన్నడిగితే రెండూ తప్పే.

రెండేళ్ళ క్రితం నాకు ఐరైటిస్ వచ్చింది. అంటే కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వాచడం అన్నమాట. కన్ను ఎరుపు, లోపల సలుపు, వెలుతురు చూస్తే నీళ్ళు. డాక్టరు ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం చుక్కలు రాశారు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వెయ్యాలి. మందు సీసా అడుక్కి చేరుతుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదపాలి. దాంతోపాటు కంటిపాపని పెద్దది చేసే చుక్కలు కూడా ఇచ్చారు. లేకపోతే వాచిన పొర వెనకున్న లెన్సుకి అతుక్కుపోతుందట.

మూడో రోజుకల్లా కిటికీ తెర తీసి కూర్చోగలిగాను. అయినా మందు ఆపనివ్వలేదు. ఉన్నట్టుండి ఆపితే వాపు తిరగబెడుతుంది. అందుకే రోజుకి ఆరుసార్లు, నాలుగు, మూడు అంటూ కొన్ని వారాల పాటు తగ్గించారు. వెళ్ళినప్పుడల్లా కంటి ప్రెషరు కొలిచేవారు. ఈ చుక్కలు వారాల తరబడి వాడితే సుమారు మూడోవంతు మందిలో ఆ ప్రెషరు ఎంతో కొంత పెరుగుతుంది. నొప్పుండదు, ఎరుపుండదు. చూసుకోకపోతే గ్లాకోమా. దానితో పోయిన చూపు తిరిగి రాదు. ఎక్కువకాలం వాడితే శుక్లాలు కూడా వస్తాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కిందటి నెల అమ్మ ఫోన్లో "కన్ను ఎర్రబడిందిరా. మీ నాన్న శుక్లం ఆపరేషనప్పటి చుక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయిగా, అవే వేసుకుంటున్నా. హాయిగా ఉంది" అంది.

నాకు భయం వేసింది ఆ హాయి గురించే. ఎరుపుకి కారణం హెర్పిస్ వైరస్ కావచ్చు, వరిగడ్డి గీరుకుని పట్టిన ఫంగస్ కావచ్చు. స్టెరాయిడ్ పైకి ఎరుపు తగ్గిస్తుంది, లోపల పుండుని పెరగనిస్తుంది. మా భాషలో ఎర్రర్ మెసేజ్ ఆపేసి బగ్‌ని వదిలెయ్యడం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని మన దేశంలోనూ రూలుంది, కానీ ఇంట్లో మిగిలిపోయిన సీసాకి ఏ రూలూ లేదు.

తమ్ముడు అమ్మని కంటి డాక్టరుకి చూపించాడు. మామూలు ఎలర్జీయేనట, బతికిపోయాం.

నా కన్ను నిలబెట్టింది ఆ చుక్కలే. కానీ చుక్కలొక్కటే కాదు, వాటి వెనక కన్ను పరీక్షించే మనిషి ఉన్నారు. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, భోంచేశారా అని అడిగాక, ఫ్రిజ్ తలుపులో ఏ సీసాలున్నాయో కూడా ఓసారి అడగండి.