హోసూరు, కృష్ణగిరి: పొగ లేని బండ్లు, నురగ కట్టిన ఏరు

బెంగుళూరు నుంచి చెన్నపట్నం పోయే పెద్దరోడ్డు మీద పాతిక మైళ్ళు వచ్చేసరికి హోసూరు తగులుతుంది. కన్నడంలో ఆ మాటకు కొత్త ఊరని అర్థం. పేరు కన్నడం, ప్రభుత్వం తమిళం, సంతలో బేరం తెలుగు. దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉండడం వల్ల ఎండాకాలంలో కూడా పొద్దువాలితే చల్లగాలి తిరుగుతుంది. ఈ చలువను చూసే తెల్లదొరలు దీనిని చిన్న ఇంగ్లండు అనేవారట. 1824లో మత్తిగిరి దగ్గర వెలసిన పశువుల క్షేత్రం నేటికీ ఉంది. కొండమీద చంద్రచూడేశ్వరస్వామి కొలువై ఉన్నాడు. ఊరికి దగ్గరలోని తొరపల్లిలోనే 1878లో రాజాజీ పుట్టారు. ఇది మన పెద్దలందరికీ తెలిసిన హోసూరు.

ఈసారి మేము చూడదలచుకున్నది వేరొక హోసూరును. మా సాయంకాలపు కబుర్లలో తరచు ఒక వాదం వస్తూ ఉంటుంది. పరిశ్రమలు పెరిగితేగాని బీదరికం తీరదని కొందరంటారు. పరిశ్రమలు పెరిగితే గాలీ నీరూ మిగలవని మరికొందరంటారు. రెండు మాటలూ నిజమే అయినప్పుడు దారి ఏది? ఆ పాఠం నేర్చుకోవడానికి హోసూరు, కృష్ణగిరి సీమకంటె మంచి బడి దొరకదని తోచి, మామిడికాయల రోజుల్లో మేము ముగ్గురం బయలుదేరాము.

1970లలో తమిళనాడు ప్రభుత్వం సిప్కాట్ అనే సంస్థ ద్వారా ఇక్కడ పారిశ్రామికవాడను నెలకొల్పింది. అంతవరకు వానను నమ్ముకున్న రాగిచేలే ఈ తాలూకాలో చాలామందికి జీవనాధారం. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్ వారి లారీల కర్మాగారం వచ్చింది. ఆ రోజుల్లోనే టి.వి.ఎస్. వారి మోపెడ్ ఇక్కడ పుట్టింది. పిమ్మట టైటాన్ గడియారాలు వచ్చాయి. మోపెడ్ సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పాలక్యాన్లు, బట్టల మూటలు, కోళ్ళగంపలు, ఎరువుల బస్తాలు, అది మోయని బరువంటూ లేదు. సైకిలు తొక్కే ఓపిక లేనివానికీ, మోటారు సైకిలు కొనే స్తోమతు లేనివానికీ అది కాళ్ళయింది. అభివృద్ధి అనే పెద్దమాటకు పల్లెటూళ్ళో అర్థం అదే గదా! నిన్న చేరలేని సంతకు ఈనాడు చేరగలగడం. అయితే బండి వెనుక నీలిపొగ కూడా వచ్చింది. నూనె కలిపిన పెట్రోలు తాగే ఇంజను మరేమి విడుస్తుంది?

వింత ఏమంటే, ఆ పొగకు విరుగుడు కూడా ఈ సీమలోనే తయారయింది. 2020 జనవరిలో టి.వి.ఎస్. వారు ఐక్యూబ్ అనే కరెంటు స్కూటరును విడుదల చేశారు. 2021లో ఏథర్ వారు హోసూరులో కర్మాగారం తెరిచారు. అదే ఏడు కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో 500 ఎకరాలలో ఓలా వారి కర్మాగారం లేచింది. నలభై ఏళ్ళ వ్యవధిలో ఒకే సీమ పెట్రోలు బండినీ కన్నది, కరెంటు బండినీ కన్నది. సాయంత్రం షిఫ్టు విడిచేవేళ రోడ్డు పక్కన నిలుచుంటే రెండు తరాల బండ్లూ పక్కపక్కనే పోతూ కనిపిస్తాయి. ఒకటి చప్పుడు చేస్తూ పోతుంది, రెండవది మన పక్కకు వచ్చిందాకా వచ్చినట్లే తెలియదు.

ఈ కొత్తబండి నిజంగా శుభ్రమైనదేనా అని మాలో ఒకరు పట్టుబట్టారు. సరే, లెక్క వేశాము. లీటరుకు 45 కిలోమీటర్లు పోయే పెట్రోలు స్కూటరు 100 కిలోమీటర్లకు సుమారు 2.2 లీటర్లు తాగుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అంటే మొత్తం 5 కిలోలు. కరెంటు స్కూటరు అంతదూరానికి సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. మన దేశంలో యూనిట్ కరెంటు వెనుక సగటున 0.7 కిలో వాయువు ఉంటుంది. అంటే 2 కిలోలకు కాస్త మించుతుంది. సగానికి పైగా తగ్గిందన్నమాట. కాని సున్న కాలేదు. మన వీధిలో పొగ పోయింది, ఎక్కడో బొగ్గు కొలిమి దగ్గర కొంత మిగిలింది. 2025లో మన దేశపు విద్యుత్కేంద్రాల సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు కాని వనరులదే అయింది. సంతోషమే. అయితే సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సూర్యుడు రాత్రి పనిచేయడు. ఏడాది మొత్తానికి మన ఇళ్ళకు వచ్చే కరెంటులో మూడింట రెండు వంతులకు మించి ఇంకా బొగ్గుదే.

ఇందులో గృహిణులకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. బండికి కరెంటు పెట్టడం రాత్రికి బదులు పట్టపగలు చేస్తే, ఆ కరెంటులో ఎండ వాటా ఎక్కువగా ఉంటుంది. తమిళనాడులో గాలిమరల సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. మే నుంచి సెప్టెంబరు వరకు ఆ గాలి వాటా కూడా తోడవుతుంది. వడియాలకు ఎండ చూసుకున్నట్లే బండికీ ఎండ చూసుకోవడం మంచిది సుమా!

హోసూరు దాటకముందే కెలవరపల్లి ఆనకట్టకు పోయాము. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి బెంగుళూరు తూర్పు పక్కగా ఇక్కడికి వస్తుంది. బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు కూడా దారిలో దీనిలోనే కలుస్తుంది. 2018 జనవరిలో నిప్పు అంటుకుని వార్తలకెక్కిన చెరువు ఆ బెళ్ళందూరే. వానలు పడి ఆనకట్ట తలుపులు ఎత్తినప్పుడల్లా తెల్లని నురగ మేఘంలాగా లేచి దిగువకు పోతున్నదని పత్రికలు రాయడం మామూలయిపోయింది. మేము చూసిన రోజున నురగ గట్టు పక్కన దూదిపింజల్లా మాత్రమే ఉంది. వాసన మాత్రం నిండుగా ఉంది.

దగ్గరి పల్లెలో ఒక తెలుగు రైతు మమ్మల్ని అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. డెబ్బై దాటిన మనిషి. ఆయన మనవరాలు కరెంటు బండ్ల ఫ్యాక్టరీలో పని చేస్తున్నది. ఆ నెల జీతంతోనే ఇంటికి కొత్త తలుపులు వచ్చాయి. ఆయన మాత్రం ఏటి నీళ్ళు పెట్టి టమాటా పండిస్తున్నాడు.

"పెద్దాయనా, ఫ్యాక్టరీలు రావడం మంచిదయిందా, చెడ్డదయిందా?" అని అడిగాము.

"ముందర నీళ్ళు లేవని ఏడిస్తిమి సామీ. ఇప్పుడు నీళ్ళుండాయి, చెయ్యి పెట్టేదానికి భయం. పాప జీతం తెస్తా ఉండాది, దాన్ని పోవద్దని నేనంటానా? కంపెనీ ఉండల్ల, ఏరూ ఉండల్ల. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటామంటే అది బేరం గాదు" అన్నాడు.

మా సాయంకాలపు వాదాలన్నీ కలిపినా ఆ మాటకు తూగవని మాకనిపించింది.

అక్కడినుంచి శూలగిరి మీదుగా కృష్ణగిరికి ముప్పై మైళ్ళ దారి. ఇరుపక్కలా బోడిగుండ్లు, వాటి నడుమ మామిడితోపులు. ఇక్కడివారు బెంగుళూరా అనే కాయనే మనవైపు తోతాపురి అంటారు, కోస్తాలో కలెక్టరు అంటారు. 2004లో ధర్మపురి నుంచి విడివడి జిల్లా అయిన ఈ ఊరికి గొప్ప ఆస్తి పెన్నయ్యారు మీది ఆనకట్ట. 1950ల చివర కామరాజు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో కట్టి, సుమారు 9,000 ఎకరాలకు నీళ్ళిచ్చారు. కెలవరపల్లి దాటిన నీళ్ళే ఇక్కడికీ వస్తాయి. పైవాడు ఏమి కలిపితే కిందివాడు అదే తాగుతాడు.

ఊరిలో ఉత్తరపు దిక్కు చూస్తూ కోలారు బంగారుగనుల సంగతి తలచుకున్నాము. సరిహద్దు దాటితే అవి దూరం లేవు. అక్కడి గనుల్లో తెలుగు కూలీలు తరతరాలుగా పనిచేశారు. 1902లో కావేరి మీది శివసముద్రం జలపాతం నుంచి తొంబై మైళ్ళకు పైగా తీగలు లాగి ఆ గనులకు విద్యుచ్ఛక్తిని తెచ్చారు. బెంగుళూరు వీధులకు దీపాలు 1905లో గాని రాలేదు. బొగ్గు లేదు, పొగ లేదు. ఈనాటి మాటలో చెప్పాలంటే అది అచ్చమైన శుభ్రమైన శక్తి. అయినా 2001లో గనులు మూతపడ్డాక అక్కడ మిగిలినవేమిటి? బంగారం తీయడానికి వాడిన సయనైడు కలిసిన పిండిమట్టి గుట్టలు. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళమీద పడుతుంది. యంత్రాన్ని తిప్పే శక్తి శుభ్రంగా ఉన్నంతమాత్రాన పరిశ్రమ శుభ్రమైనట్లు కాదని ఆ గుట్టలు చెబుతాయి. అవి రెండు వేరువేరు పద్దులు. రెండూ జమాఖర్చులు సరిపోవాలి.

మరునాడు పోచంపల్లి వెళ్ళాము. పట్టుచీరల పోచంపల్లి కాదు. 1951లో వినోబా భూదానం అందుకున్న పోచంపల్లి తెలంగాణలోది. ఇక్కడి పోచంపల్లిలో భూమి దానానికి కాక కర్మాగారానికి పోయింది. పనివారందరినీ ఆడవారినే పెడతామని ఓలా వారు 2021లో ప్రకటించారు. ఉదయం బస్సులు దిగి వరుసగా లోపలికి పోయే ఆడపిల్లలను చూస్తే ఎవరికైనా మనసు నిండుతుంది. కాని ఆ బండ్ల గుండెకాయ బ్యాటరీ. ఎనిమిది, పదేళ్ళకు అది అలసిపోతుంది. అప్పుడు అది ఏ చెత్తకుప్పకు, ఏ బావిపక్కకు చేరుతుంది? పాత బ్యాటరీలను తయారీదారులే వెనక్కు తీసుకుని లోహాలను రాబట్టాలని 2022లో కేంద్రప్రభుత్వం నియమాలు చేసింది. చట్టం మంచిదే. అది ఊరి పాతసామాన్ల కొట్టుదాకా దిగివస్తేనే కోలారు కథ తిరిగి జరగకుండా ఉంటుంది.

శుభ్రమైన కరెంటుకు కూడా భూమి కావాలి. తెలుగు మాట వినిపించే మరో పొరుగు తాలూకా పావగడలో దానికొక దారి వెతికారు. 2,050 మెగావాట్ల సౌరక్షేత్రానికి రైతుల వద్ద సుమారు 13,000 ఎకరాలను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, కాలక్రమాన పెంచే ఏర్పాటు చేశారు. అనావృష్టి సీమలో భూమి గలవానికి అది కొండంత అండ. భూమి లేని కూలివానికి మాత్రం చేనూ పోయింది, కౌలూ లేదు. మేలు జరిగిన చోట కూడా ఎవరి పేరు లెక్కలో లేదో చూడాలి.

ధనికదేశాలు రెండువందల ఏళ్ళు బొగ్గు కాల్చి బాగుపడ్డాయి, ఇప్పుడు మనకు నీతులు చెప్పడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అమెరికావాసి ఒకడు ఏడాదికి సుమారు 14 టన్నుల వాయువు విడిస్తే భారతీయుడు విడిచేది 2 టన్నులే. కాని కెలవరపల్లి నురగ అమెరికాకు పోదు. మన టమాటా మడిలోకే వస్తుంది. పరులతో న్యాయం అడగడం ఎంత అవసరమో, మన ఏటిని మనం కాపాడుకోవడం అంతే అవసరం.

హోసూరులో, కృష్ణగిరిలో మన బంధువులు ఎందరో ఉన్నారు. కొందరు భూములు అమ్మారు, కొందరి పిల్లలు షిఫ్టులకు పోతున్నారు. కొత్త ఫ్యాక్టరీ వస్తున్నదని విన్నప్పుడు మనం ఎన్ని ఉద్యోగాలని అడుగుతాము. అదే నోటితో ఇంకో మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి: కరెంటు ఎక్కడిది, వాడిన నీరు ఎక్కడికి పోతుంది, పాతబడిన సరుకు ఎవరు తీసుకుంటారు. జవాబు చెప్పగలిగిన ఫ్యాక్టరీకి తోరణం కట్టి స్వాగతం పలుకుదాము. చెప్పలేనిదానికి, చెప్పిందాకా తోరణం ఆపుదాము.