నల్ల తెర మీద పెట్టెలు

ఈసారి కొంచెం పొడుగు పోస్టే. ఓపిగ్గా చదవండి, చివర్లో మీతో ఒక పని ఉంది.

హోసూరులో మా ఇంటికి వచ్చినవాళ్లు ముందు గదిలోని పాత కంప్యూటరు చూసే ఉంటారు. మా నాయన రిటైరైనాక కొన్నది. 2020లో అది బాగా నెమ్మదిస్తే విండోస్ తీసేసి ఉబుంటు 20.04 వేయించాం. నాయన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని, మా అవ్వ పాడే గొబ్బిపాటలు, పెళ్లిపాటలు, వడ్లు దంచే పాటలు ఒక్కొక్కటే టైపు చేశారు. మొత్తం 112. అవ్వ పోయింది, తర్వాత నాయనా పోయారు. పాటలు మాత్రం ఆ కంప్యూటర్లో మిగిలాయి.

ఉబుంటు పేరులోనే పుట్టిన నెల ఉంటుంది. 20.04 అంటే 2020 ఏప్రిల్. ఎల్‌టీఎస్ అనే ఈ రకానికి మామూలు మద్దతు ఐదేళ్లు. 2025 మే నెలతో ఆ గడువు తీరింది. కొత్తదానికి మారమని తెర మీద రోజూ అడుగుతుంటే, ఒక ఆదివారం సరేనన్నాం. 20.04 నుంచి 24.04కి నేరుగా పోలేం, ముందు 22.04 ఎక్కాలి. మెట్టు వదిలేసి ఎక్కనివ్వదు.

మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసుకోమని అందరూ చెప్పేదే. మా దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉంది, అందులో పాటలూ ఉన్నాయి, ఇంకేం కావాలనుకున్నాం. అది నాయన బతికుండగా తీసిన కాపీ అనీ, అందులో 40 పాటలే ఉన్నాయనీ తెరిచి చూసుకోలేదు.

డౌన్‌లోడు బాగానే అయింది. పాత ప్యాకేజీలు తీసి కొత్తవి పెడుతుండగా, సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, మార్చాలి మార్చాలి అంటూ ఉన్నాం. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, మూలన మిణుకుమనే ఒక గీత. అంతే.

మన సంఘంలో కంప్యూటరు పని తెలిసిన తమ్ముడికి ఫోన్ చేశాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నాడు. పేరూ పాస్‌వర్డూ అడిగింది. లోపలికి పోయి, డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఏముందో చూపే ఆదేశం ఇచ్చాం. ఇంగ్లీషు పేర్లున్న ఫైళ్లు బాగానే కనిపించాయి. పాటల ఫైళ్లుండాల్సిన చోట వరసగా పెట్టెలు. అక్షరం ఒక్కటి లేదు.

మాకు చేతులు ఆడలేదు. పాటలన్నీ పాడైపోయినాయి అని ఏడుపు గొంతుతో చెప్పాం.

"అన్నా, ఏమీ కాలేదు. పెట్టెలు కనపడినాయంటే ఫైళ్లు ఉండాయనే అర్థం. ఆ నల్ల తెరకి మన అక్షరాలు చూపడం రాదు, అంతే" అన్నాడు.

ముందు పాటలు కాపీ చేద్దాం, రిపేరు తర్వాత అన్నాడు. ఆ తెర మీద తెలుగు పేరు టైపు చేయలేం కాబట్టి ఫోల్డరు మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాం. అతను ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పడం, మాలో ఒకరు గట్టిగా పలకడం, ఇంకొకరు కొట్టడం. ఆ తర్వాత సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తి చేసే ఆదేశం, విరిగినవి సరిచేసే ఆదేశం. గంట పట్టింది. మళ్లీ ఆన్ చేస్తే 22.04 వచ్చింది. ఫైర్‌ఫాక్స్ మొదటిసారి తెరుచుకోవడానికి ఆవులించింది గానీ, విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు కీబోర్డు వచ్చింది. ఫోల్డరు తెరిస్తే పేర్లన్నీ తెలుగులో ఉన్నాయి. లెక్కపెట్టుకున్నాం, 112.

మా అబ్బాయి వెనక నిలబడి అంతా చూస్తున్నాడు. 2006 చట్టం తర్వాత బడికి పోయిన పిల్లోడు, పదో తరగతి దాకా తమిళమే చదివాడు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవలేడు. "నాయనా, నాకు ఇప్పుడు కూడా అవి పెట్టెలే కదా" అన్నాడు.

మాకు జవాబు తోచలేదు. కంప్యూటరుకి గంటలో అక్షరాలు తెప్పించాం. వీడికి పదహారేళ్లలో నేర్పలేదు. తప్పు బడిదని ఎన్నాళ్లు చెప్పుకుంటాం? ఆ రాత్రి నుంచే మొదలుపెట్టాం. ముందు మేము పాట చదివి వినిపిస్తాం, తర్వాత వాడు అక్షరాలు కూడబలుక్కుంటాడు. ఇప్పటికి మూడు పాటలైనాయి.

ఇక మీతో పని. ఉగాది పుస్తకానికి ఈ పాటలు ఇమ్మని కార్యదర్శిగారు రెండేళ్లుగా అడుగుతుంటే, ఇస్తాంలే అని దాటేశాం. ఇప్పుడు 112 పాటలూ సంఘం కంప్యూటర్లో ఒక కాపీ పెట్టాం. మీ ఇళ్లలో కూడా పెద్దలు రాసిపెట్టినవి ఏ పాత కంప్యూటర్లోనో ఫోన్లోనో ఉంటాయి. ఈ ఆదివారమే తెరిచి చూడండి. కాపీ ఉందనుకోవద్దు, లెక్కపెట్టండి. అప్‌గ్రేడు తర్వాత. ముందు బ్యాటరీ మార్చండి.