బాహుకుని గుఱ్ఱములు

ఇంటిగుట్టు వీథిని బెట్టరాదని పెద్దలు చెప్పుదురు. ఆ మాటను మన్నించియే మేమీ సంగతిని ఇంతకాలము ఎవ్వరికిని చెప్పక యుంటిమి. కాని మా యింట జరిగిన పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకు పనికివచ్చునేని, దాచుటకంటె చెప్పుటయే మేలని తోచి యీ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

మా వారు కోనసీమలో నొక ఉన్నత పాఠశాల యందు ఉపాధ్యాయులు. మేము బడిలో చదివినది స్వల్పము. తండ్రిగారి యొద్ద ఇంటనే భారత భాగవతములు చదువుకొంటిమి. పదునాలుగేండ్ల కాపురములో మాకు మోటారుసైకిలు తప్ప వేఱు వాహనము లేదు. 2024 వేసవిలో మా చెల్లెలి గృహప్రవేశమునకు బస్సు దిగి, అత్తగారిని చేయిపట్టుకొని యెండలో నడచి వెళ్లితిమి. అచట వాకిట వరుసగా నిలిచియున్న పెద్ద బండ్లను జూడగానే మా మనస్సు చిన్నపోయెను. ఆ రాత్రియే మా వారితో “ఏమండీ, మనము కూడ నొక బండి కొందము” అంటిమి. కోరిక మాది, కావున మొదటి తప్పును మాదే.

అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును మేమెన్నిమారులు చదివితిమో లెక్కలేదు. ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భకు చేరవలసి వచ్చినపుడు, సారథియైన బాహుకుడు శాలలోని బలిసిన గుఱ్ఱములను విడిచి, బక్కచిక్కిన వానిని ఏరుకొనెను. రాజు వాని రూపు చూచి సందేహించెను. బాహుకుడు వాని లక్షణము నెఱిగి యెన్నుకొనెను. ఇంత చదివియు, హైదరాబాదులో బండ్ల బేరగాని యెదుట నిలిచినప్పుడు మేము ఋతుపర్ణుని కన్నులతోనే చూచితిమి. క్రొత్త చిన్నకారు ధరకే పదేండ్లనాటి విదేశపు ఎస్.యు.వి. దొరకుచుండెను. తోలు కుర్చీలు, అద్దపు పైకప్పు, అద్దమువలె మెఱయు నలుపురంగు! క్రొత్తగా నున్నపుడు అరకోటి విలువ చేసినదట. “అమ్మగారూ, ఇది డాక్టరుగారి బండి. ఆదివారము తప్ప బయటికి తీసి యెఱుగరు” అని బేరగాడు చెప్పెను. 1,10,000 కిలోమీటర్లు తిరిగిన బండి ఆదివారములు మాత్రమే యెట్లు తిరిగినదో అడుగుటకు మాకు తోచలేదు. పది నిమిషములు వీథులలో త్రిప్పి చూచి, పెద్దమ్మాయి పైచదువునకని దాచిన సొమ్ములో సగమునకు బ్యాంకు అప్పు చేర్చి, తొమ్మిది లక్షల యెనుబదివేలు చెల్లించి దసరానాటికి ఇంటికి తెచ్చితిమి.

అత్తగారు చూచి, “అమ్మాయీ, ఇది బండియా, మేడయా? నా మోకాళ్లకు నిచ్చెన వేయింపవలెను” అనిరి. ముక్కాలిపీట వేసి యెక్కించితిమి.

బండి రెండవ గేరునుండి మూడవదానికి మాఱునపుడు ఎవరో వెనుకనుండి నెట్టినట్లు చిన్న కుదుపు వచ్చుచుండెను. “పెద్ద బండ్లకిది సహజము” అనిరి మా వారు. వారికిని సందేహము కలిగినదని ముఖము చూచి గ్రహించితిమి. మా మనస్సు నొప్పింపలేక వారు, వారిని నొప్పింపలేక మేము, ఊరకుంటిమి.

కార్తీకమాసమున సత్యదేవుని వ్రతమునకై అన్నవరము బయలుదేరితిమి. రత్నగిరి కొండదారి ఎక్కుచుండగా ఒక మలుపులో ఇంజను గర్జించెను గాని బండి ముందుకు సాగలేదు. పిమ్మట ‘దడ్’ మని పెద్ద కుదుపు. అద్దము క్రింద పసుపుపచ్చని గేరుగుర్తు వెలిగెను. ఆపైన బండి ఒక్క గేరులోనే చిక్కుకొని నత్తవలె ప్రాకెను. అపాయము వచ్చినపుడు లోపలి యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై యిట్లు ఒకే గేరులో నిలిచిపోవునట. అది మాకప్పుడు తెలియదు. వెనుక బస్సుల హారన్లు, లోపల అత్తగారి నామస్మరణ.

త్రాడు కట్టి లాగుదుమని కొందఱు ముందుకు వచ్చిరి. ఒక వృద్ధుడైన డ్రైవరు వారించి, బండిని పైకెక్కించుకొని పోవు లారీని పిలిపించెను. ఇంజను తిరిగిననే గాని గేరుపెట్టెలో నూనె ప్రసరింపదట. చక్రములు నేలపై దొర్లుచుండగా లాగినచో, నూనె లేక లోపలి భాగములు అరిగిపోవునట. ఆ పుణ్యాత్ముని పేరైన నడుగకపోతిమి.

కంపెనీవారి షెడ్డులో చూచి, గేరుపెట్టెనంతటిని మార్చవలెననియు, ఏడు లక్షలగుననియు చెప్పిరి. పాతబడుటచే బండి ధర తగ్గినది గాని, విడిభాగముల ధర తగ్గలేదు. అరకోటి బండిని తొమ్మిది లక్షలకు కొన్నను, మరమ్మతు మాత్రము అరకోటి బండి మరమ్మతే యని అప్పుడు తెలిసెను. ఆ రాత్రి మా యింట ఎవరును భోజనము చేయలేదు.

బేరగానికి ఫోను చేయగా, “మేష్టారూ, దీనికింత చింత యెందుకు? స్కానరు పెట్టి లోపలి తప్పుల పట్టికను తుడిపించెదను, దీపము ఆరిపోవును. కొంత దూరము బాగుగనే నడచును. ఆలోపల మఱియొకరికి అమ్మివేయుదము. మనిషిని నేనే పంపెదను” అనెను. నిజము వ్రాయుచున్నాము: ఆ మాట విని మాకు ప్రాణము లేచివచ్చెను. వద్దనలేదు. మా వారును వద్దనలేదు.

నాలుగవ దినమున రామచంద్రపురము వైపునుండి ఒక రైతు భార్యతోడ వచ్చెను. ఆమె మా వయసుదే. చెప్పులు విడిచి బండిలో కూర్చుండి, తోలు కుర్చీపై మెల్లగా చేయి రాచుచు, “అమ్మకు కాళ్లు నొప్పులండీ, ఆసుపత్రికి త్రిప్పవలెను” అనెను. హైదరాబాదులో మేమును ఆ కుర్చీని అట్లే రాచితిమి. మా వారు నేల చూచుచుండిరి. ప్రతిదినము నలుబదిమంది పిల్లలకు సత్యము పలుకుడని చెప్పు మనిషి తల వంచుకొని యుండుట మేము చూడలేకపోతిమి. “అమ్మా, దీని గేరుపెట్టెకు జబ్బున్నది. ఏడు లక్షలగునని చెప్పినారు. మీరు కొనవలదు” అంటిమి.

కొంతసేపెవ్వరును మాటాడలేదు. పిమ్మట ఆ రైతు తొందరపడి పెట్టెను మార్పింపవలదనియు, తమ బంధువుల బండికి ఇట్టి జబ్బే వచ్చినపుడు కాకినాడలో గేరుపెట్టెలు మాత్రమే విప్పు మెకానిక్కు బాగుచేసెననియు చెప్పి, ఫోను నంబరు వ్రాసి యిచ్చెను. ఆమె వెళ్లుచు మా చేయి పట్టుకొనెను. బేరగాడు మాత్రము ఫోనులో మమ్ము తిట్టెను.

ఆ మెకానిక్కు చెప్పినది మాకర్థమైనంతవఱకు వ్రాసెదము. ఇట్టి బండిలో క్లచ్చి త్రొక్కుపలక యుండదు. కుండలో కవ్వము త్రిప్పినచో మజ్జిగ సుడి తిరుగును గదా! అట్లే ఇంజను ఒక రెక్కల చక్రమును త్రిప్పగా నూనె సుడి తిరిగి, ఎదుటి రెక్కల చక్రమును త్రిప్పును. గేరులు మార్చు పలకలను ఒత్తిపట్టునదియు నూనె ఒత్తిడియే. వేడి నార్చునదియు నూనెయే. అది చెడినచో ఒత్తిడి తగ్గును, పలకలు జాఱును. జాఱినకొలది వేడి హెచ్చి నూనె మఱింత చెడును. ఈ నూనె బండి యున్నంతకాల ముండునని కొన్ని కంపెనీలవారు చెప్పుదురు గాని, గేరుపెట్టెలు తయారుచేయు వారిలోనే కొందఱు 80,000 మొదలు 1,20,000 కిలోమీటర్ల లోపల మార్పుమని చెప్పుచున్నారు. మా బండి కది యెన్నడును మార్చినట్లు లేదు. విప్పి చూడగా నూనె నల్లబడి మాడువాసన కొట్టెను. ఉండవలసిన దానికంటె రెండు లీటర్లు తక్కువ. నూనెతొట్టి అంచున సన్నగా కారుచుండెను. క్రింద కప్పుపలక యుండుటచే నేలపై చుక్కయైన పడలేదు.

వడపోతతో కూడిన క్రొత్త తొట్టికిని నూనెకును నలుబది యెనిమిదివేలయ్యెను. జాఱుట మానెను గాని, వేడెక్కినపుడు కుదుపు కొంచెము మిగిలెను. నూనెను ఆయా దారులకు పంపు కవాటముల పెట్టెను బాగుచేయించుటకు మఱి లక్షా పదివేలు. మా గాజులు రెండుజతలు బ్యాంకులో కుదువ బెట్టితిమి.

పాత బండి కొనదలచిన సోదరీమణులకు మా మనవి. ఇంజను చల్లగా నున్నపుడే వెళ్లుడు. ముందే వేడిచేసి యుంచినచో సందేహింపుడు. ఒక గంటయైన నడిపించుడు. వీలైనచో ఎత్తుదారి ఎక్కించుడు. అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కుచే క్రింది పలక విప్పించి, స్కానరు పెట్టించి చూపింపుడు. గేరునూనె ఎప్పుడు మార్చిరో కాగితము చూపుమనుడు. కొన్న ధరలో ఆఱవ వంతైన మరమ్మతునకు చేతనుంచుకొనుడు. అది లేనిచో చిన్న బండియే మేలు. అన్నిటికంటె ముఖ్యము: కుదుపు తోచిననాడే భర్తతో చెప్పుడు. మేము దసరానాడే నోరు విప్పియుండినచో నూనెతోనే పోయెడిదని మెకానిక్కు చెప్పెను.

2025 కార్తీకమున మరల రత్నగిరి ఎక్కితిమి. ఆ మలుపు వచ్చినపుడు ఎవ్వరును మాటాడలేదు. బండి మెత్తగా గేరు మార్చుకొని సాగిపోయెను. అత్తగారు “నాయనా సత్యదేవా” అని కన్నులు తెఱచిరి.

గాజులింకను బ్యాంకులోనే యున్నవి. మా వారు మరమ్మతుల రసీదులన్నిటిని, కొండపై నిలిచిపోయిన తేదీతో సహా, ఒక కట్టగా కట్టి బండి అఱలో నుంచినారు. మేమెప్పుడైన దీనిని అమ్మినచో ఆ కట్టయు దానితోడనే పోవును.